పేజీకి తొమ్మిది లైన్లు: కోదాడ మీదుగా మిర్యాలగూడ

మా సూర్యాపేటకు రైలు లేదు. కాబట్టి ఈ యాత్రలో రైలు కూతలు, ప్లాట్‌ఫారం మీద వీడ్కోళ్లు ఆశించేవారు ఇక్కడే ఆగిపోవచ్చు. ఉన్నవి మూడు బస్సులు, రెండు చాయ్‌లు, ఒక భోజనం, ఒక హత్య. అంతా ఒకే రోజులో. హత్య పుస్తకంలోది. అయినా దాని వల్ల మా అక్క ఇంట్లో జరగాల్సినంత గొడవ జరిగింది.

అది 2013 ఆషాఢం. ఆ ఎండాకాలంలోనే నేను ఒక ఈ-రీడర్ కొన్నాను. పుస్తకాలు చదవడానికి మాత్రమే పనికొచ్చే యంత్రం. పార్సిల్ విప్పి చూస్తే దాని మొహం మీద ఏదో అచ్చువేసిన కాగితం అంటించి ఉంది. గోరుతో పీకబోయాను. రాలేదు. కొంచెంసేపు గోకాక అర్థమయింది, అది కాగితం కాదు, స్క్రీనే. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే మనిషిని. ఈ సంగతి వాళ్లకు ఇంతవరకు చెప్పలేదు.

ఆ రోజు నుంచి నా బతుకు కొద్దిగా బాగుపడింది. కొద్దిగా అనే రాస్తున్నాను, ఇది మా ఆవిడ కూడా చదువుతుంది. మంచం మీద వెల్లకిలా పడుకుని లావుపాటి పుస్తకం చదువుతూ నిద్రపోతే అది ముక్కు మీద పడుతుంది. ఇది పడినా ముక్కు ఉంటుంది. ఎక్కడ ఆపానో దానికి గుర్తుంటుంది, బస్ టికెట్టు మడిచి పేజీలో పెట్టే పని లేదు. ఎండలో ఫోను నల్లగా మారిపోతే ఇది ఇంకా తెల్లగా కనబడుతుంది. రాత్రి మాత్రం బల్బు వేసుకోవాలి, మామూలు పుస్తకానికి వేసుకున్నట్టే. ఛార్జింగ్ ఎంతకీ అయిపోదు. ఛార్జరు ఎక్కడ పెట్టామో మర్చిపోయాకే దాని అవసరం వస్తుంది. అన్నిటికన్నా గొప్ప సంగతి, అక్షరాన్ని పెంచుకోవచ్చు. ఈ ప్రయాణం ఆ ఒక్క సంగతి వల్లే పుట్టింది.

మా అక్కను మిర్యాలగూడలో ఇచ్చారు. బావకు రైసు మిల్లు ఉంది. మిల్లు హోరులో, ఊక దుమ్ములో, వడ్ల బస్తాల మీద కాళ్లు చాపుకుని పాకెట్ నవలలు చదివే మనిషి ఆయన. నాకు చదవడం అంటించింది కూడా ఆయనే. రెండేళ్ల కింద షుగరు కళ్లకెక్కింది. హైదరాబాదులో లేజరు చేయించారు. చూపు నిలబడింది గాని చిన్న అక్షరం పోయింది. లారీ నంబరు కనబడుతుంది, పేపరు కనబడదు. ఫోను చూస్తే కళ్లు మండి నీళ్లు కారతాయి. ఎవరైనా పుస్తకాల మాట తీస్తే, పనిలేనోళ్ల పని అని తీసిపారేస్తాడు. అది అబద్ధమని మిల్లులో హమాలీలకు కూడా తెలుసు.

కళ్లు మొరాయించిన నాటికి బావ ఒక డిటెక్టివ్ నవల సగంలో ఉన్నాడు. అందులో చచ్చిపోయింది ఒక రైసు మిల్లు ఓనరు. అందుకని ఆ హత్యను బావ కొంచెం సొంత విషయంగానే తీసుకున్నాడు. ఎవరు చంపారో తెలియకుండానే రెండేళ్లు గడిచాయి. అక్క చదివి వినిపిస్తానందట. ఒకరితో చదివించుకునే కాలం ఇంకా రాలేదన్నాడట. ఆయనకు యాభై మూడేళ్లు.

రీడరు సంగతి అక్కకు ఫోన్లో చెప్పాను. అంతా విని అంది, "తెస్తే తే తమ్మీ. గని ఒక్కమాట. అద్దాలు మూడుసార్లు మార్చినం, భూతద్దం తెచ్చినం. తెచ్చిన నాడు ఆశపడ్తడు, తెల్లారి బీరువల పెడ్తడు. ఇది గూడ గట్లనే అయితే ఇగ మల్ల ఏదీ తేకు. బీరువ కాడ నిలబడ్డ ఆ మనిషిని నేను సూడలేను."

ఇందులో ఒక చిన్న చిక్కు ఉంది. నా రీడరుకు తెలుగు రాదు. తెలుగు పుస్తకం ఎక్కిస్తే అక్షరాల బదులు వరసగా డబ్బాలు చూపిస్తుంది. స్కాన్ చేసిన పేజీలైతే కనబడతాయి గాని అవి చీమల బారులు, మా బావకు చీమలూ కనబడవు. మార్గం ఒక్కటే. నవలంతా మళ్లీ పెద్దక్షరాలతో టైపు చేసి, రీడరు స్క్రీన్ ఎంతుందో అంత సైజు పేజీలు కట్టాలి. అలాంటి పనికి ఒప్పుకునే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. కోదాడలో ఉంటాడు.

ఖాసిం నాతో డిగ్రీ చదివాడు. తర్వాత కోదాడలో నవలలు అద్దెకిచ్చే షాపు పెట్టాడు. టీవీ సీరియళ్లు వచ్చి షాపు మూతపడ్డాక అదే గదిలో కంప్యూటరు పెట్టుకుని పెళ్లికార్డులు వేస్తున్నాడు. నేను అడిగిన నెల మంచిది. ఆషాఢమూ రంజానూ కలిసివచ్చిన ఏడాది, ఏ మతంలోనూ పెళ్లి లేదు. పైగా ఆ మిల్లు ఓనరు నవల కాపీ ఒకటి వాడి పాత సంచుల్లో దొరికింది. మూడు వారాల్లో టైపు చేసి, వచ్చి ఎక్కించుకుపొమ్మన్నాడు.

ఆదివారం పొద్దున ఏడున్నరకు సూర్యాపేట కొత్త బస్టాండులో విజయవాడ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. సీటు లేదు. ఇంతకుముందైతే దిగులుపడేవాణ్ణి. ఇప్పుడు ఒక చేత్తో పైకడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో రీడరు పట్టుకున్నాను. బొటనవేలితో బటన్ నొక్కితే పేజీ మారుతుంది. నిలబడి పుస్తకం చదవాలంటే మనిషికి మూడో చెయ్యి కావాలని ఇన్నాళ్లూ అనుకున్నాను. అక్కర్లేదు.

చివ్వెంల దగ్గర ఒక పెద్దాయన ఎక్కాడు, భుజాన గొంగడి, చంకలో మేకపిల్ల. కండక్టరు మేకపిల్లకు టికెట్ అడిగాడు. కాళ్లు భూమికి ఆనితేనే టికెట్ అని పెద్దాయన వాదించి గెలిచాడు. ఆ తర్వాత ఆయన దృష్టి నా చేతి మీద పడింది.

"ఇండ్ల పాటలొస్తయా సారూ?"

రావన్నాను. ఫోను పోతుందా అన్నాడు. పోదన్నాను. బొమ్మలు? ఉంటాయి గాని కదలవు. లైటన్నా ఎలుగుతదా? అదీ లేదన్నాను. చదువుకోవచ్చని నేనే చెప్పాను, సిగ్గుపడుతూ.

ఆయన మేకపిల్లను ఇంకో చంకలోకి మార్చుకుని చాలాసేపు ఆలోచించాడు. చివరికి నా మీద జాలితో, "రశీదు ఉన్నదా? వాపస్ తీసుకుంటరేమో అడుగు" అన్నాడు.

మునగాల దాటాక సీటు దొరికింది, ఎండ వైపు. ఎండ వైపు సీటు దొరికినందుకు సంతోషించిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను. వెలుతురు నేరుగా పేజీ మీద పడుతుంటే అక్షరాలు కొత్తగా అచ్చయినట్టు నిలబడ్డాయి. పక్కనున్న కుర్రవాడు తన ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. నేను రీడరును కొంచెం అతని వైపు తిప్పి పట్టుకున్నాను. గర్వంతో కాదు. కొంచెం గర్వంతోనే.

కోదాడ చేరేసరికి తొమ్మిది కావస్తోంది. బస్టాండు బయట చాయ్ తాగి ఖాసిం షాపుకు నడిచాను. గోడల నిండా శాంపిల్ కార్డులు వేలాడుతున్నాయి. వినాయకుళ్లు, మసీదు గుమ్మటాలు పక్కపక్కనే. వాడు ఉపవాసం. నాకు మర్యాద చేయాల్సిన బాధ తప్పినందుకు హుషారుగా ఉన్నాడు.

రీడరును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, నేను చేసినట్టే గోరుతో స్క్రీన్ గోకాడు. నాకు చాలా తృప్తి కలిగింది.

"ఇందులో ఎన్ని పుస్తకాలు పడతాయిరా?"

వెయ్యి పైనే అన్నాను.

"అంటే నా షాపు మొత్తం పడుద్ది." ఒకసారి గది నాలుగు గోడలూ చూశాడు. అప్పట్లో అవన్నీ పుస్తకాల అరలు. "మరి దీన్నించి ఒక్క పుస్తకం తీసి పక్కింటావిడకి అద్దెకి ఎట్టా ఇస్తావు?"

నేను కేబులు తీసి వాడి చేతిలో పెట్టాను.

అక్షరం సైజు కుదరడానికి చాలాసేపు పట్టింది. మామూలు సైజుతో మొదలుపెట్టి ఒక్కో మెట్టు పెంచుతూ, ఒక్కో పేజీ రీడరులోకి ఎక్కించి, నేను గది అవతల గోడకు ఆనుకుని నిలబడి చదివాను. పెళ్లికార్డులో వధూవరుల పేర్ల సైజుకు వచ్చాక ఆపాం. పేజీకి తొమ్మిది లైన్లు పట్టాయి. నూట పాతిక పేజీల పాకెట్ నవల దాదాపు వెయ్యి పేజీలకు పెరిగింది. కాగితం మీదైతే మిర్యాలగూడకు రిక్షాలో పంపాల్సి వచ్చేది. ఇక్కడ బరువు గోరంత కూడా పెరగలేదు. నాకు ఒళ్లు పులకరించింది. ఖాసిం ముందు అది చూపించుకోలేదు.

కథ ఎలా ఉందిరా అనడిగాను, చివర చెప్పొద్దని హెచ్చరిస్తూనే. వాడు చదవనే లేదట. వాడి పనిలో అది నియమం. కాగితం మీద ఏముంటే అదే వెయ్యాలి, చదవకూడదు, ఆలోచించకూడదు. ఒకసారి కార్డులో ఒకే పేరు రెండుసార్లు వస్తే పొరపాటనుకుని ఒకటి తీసేశాడట. వాళ్లు ఇద్దరు మేనమామలు, ఇద్దరిదీ ఒకే పేరు. తీసేసిన మేనమామ పెళ్లికి రాలేదు గాని షాపుకు మాత్రం వచ్చాడట.

"అప్పట్నించీ నేను కళ్లతో చూసి వేళ్లతో కొడతానంతే, మధ్యలో బుర్ర పెట్టను. నీ నవలలో ఒక్క అక్షరం వదల్లేదు, ఒక్కటి కలపలేదు. అట్ట నుంచి అట్ట దాకా."

దండం పెట్టాను. నిజంగానే పెట్టాను. బస్టాండు ఎదురు హోటల్లో ఒక్కణ్ణే భోజనం చేశాను. కోదాడ పప్పుచారు కారం ఆంధ్రా వైపు మొగ్గి ఉంటుంది, మా సూర్యాపేట నాలుక దాన్ని గౌరవంగా తట్టుకుంటుంది. ఇదే దారిన పోదలచినవారికి ఒక సూచన, మజ్జిగ ముందే చెప్పి పెట్టుకోండి.

పన్నెండున్నర దాటాక మిర్యాలగూడ పల్లెవెలుగు దొరికింది. హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా రెండు గంటల దారి. బస్సు ప్రతి చెట్టు దగ్గరా ఆగుతుంది, కొన్ని చెట్ల దగ్గర ఎవరూ లేకపోయినా. దారి పక్కన నారుమళ్లు పచ్చగా ఉన్నాయి. మిగతా పొలాలన్నీ ఎండిపోయి కాలువ నీళ్ల కోసం చూస్తున్నాయి.

మిల్లు ఓనరు నవలను నేను తెరవలేదు. అది ఒట్టు పెట్టుకున్నంత పని. నేను ముందే చదివేస్తే హంతకుడి పేరు నా మొహం మీద రాసి ఉంటుంది, బావ దాన్ని మాత్రం ఏ అద్దాలూ లేకుండా చదివేస్తాడు. అందుకని వేరే కథలు తెరిచాను. స్కాన్ చేసిన పాత తెలుగు జానపద కథలు, చీమల బారులే.

నేరేడుచర్లలో ఒకావిడ పక్క సీట్లో కూర్చుంది. మోకాళ్ల మీద పిల్లల పరీక్ష పేపర్ల కట్ట ఉంది, టీచరమ్మ. కాసేపటికి నేను పేజీ మారుస్తుంటే, "ఆగండి సార్, కింద రెండు లైన్లున్నయ్" అంది. ఆగాను. అప్పట్నుంచి ఆమె తలూపితేనే పేజీ మార్చాను. రాజుగారి చిన్నకూతురు రాక్షసుడికి గారెలు పెడుతుంటే ఇద్దరం ఒకేచోట నవ్వాం. ఒక కథ మధ్యలో ఆమె దిగే ఊరొచ్చింది. దిగి, కిటికీ దగ్గరకొచ్చి, "రాక్షసుడు తిన్నడా, లేదా?" అని అడిగింది. బస్సు కదిలాక గబగబా చదివి, తిన్నాడని చేత్తో సైగ చేశాను. దుమ్ములో ఆమెకు కనబడిందో లేదో తెలియదు.

మిర్యాలగూడ రాబోతోందని ముక్కుకు ముందు తెలుస్తుంది. ఉడికిన వడ్ల వాసన, ఊక పొగ. మూడు కావస్తుండగా దిగి, ఆటోలో బావ మిల్లుకు పోయాను. ఇల్లు మిల్లు వెనకే. అక్క గేటు దగ్గరే నిలబడి ఉంది. నా సంచి వైపు చూసింది, మొహం వైపు చూడలేదు. "ఏం జెప్పలే ఆయనకు" అంది మెల్లగా.

బావ ఆఫీసు గది ముందు వరండాలో కూర్చుని ఉన్నాడు. బల్ల మీద పళ్లేల్లో వడ్ల శాంపిళ్లు. ఒక గింజ పంటి కింద పెట్టి కొరికి, తేమ ఎంతుందో ఎదుటి రైతుకు చెబుతున్నాడు. రైతు పోయాక నన్ను చూసి, ఏం బామ్మర్ది, కాలేజీల పిల్లలు తరిమిన్రా అని పలకరించాడు. ఇంకా ఎవరూ తరమలేదన్నాను. చాయ్ వచ్చింది. ఎండల గురించి, కాలువ గురించి మాట్లాడుకున్నాం. నేను రీడరు తీసి బల్ల మీద పెట్టాను.

దాన్ని చూడగానే ఆయన మొహం మూసుకుపోయింది. "ఇది గూడ ఫోన్ లెక్కనే గద. నా కండ్లు మండుతయ్. లోపల పెట్టు."

తెచ్చుకున్న ఉపన్యాసం ఒకటి ఉంది, కాంతి, పరావర్తనం, అన్నీ. అది పనికిరాదని అర్థమయింది. "బావా, ఆ మిల్లు ఓనర్ని ఎవరు చంపిన్రో ఇండ్ల ఉన్నది" అన్నాను.

ఇంకో గింజ పంటి కింద పెట్టుకోబోతున్న చెయ్యి అట్లాగే ఆగింది. తర్వాత చేతులు పంచెకు తుడుచుకుని తీసుకున్నాడు. ముందు దూరంగా పట్టుకున్నాడు. కొంచెం దగ్గరికి తెచ్చాడు. వెలుతురు వైపు తిప్పాడు. గుమ్మంలో అక్క చేటలో లేని రాళ్లు ఏరుతోంది. నేను చాయ్ గ్లాసు ఖాళీ అయిపోయినా తాగుతూనే ఉన్నాను.

బావ పెదాలు కదిలాయి. శబ్దం లేదు. కళ్లు ఒక లైను చివరికి పోయాయి, మళ్లీ మొదటికి వచ్చాయి, ఇంకో లైనుకు దిగాయి. తొమ్మిదో లైను అయింది. వేలు నాలుకకు అద్దుకుని, స్క్రీన్ కుడి మూల మీద పెట్టి పేజీని పక్కకు తోశాడు. పేజీ కదల్లేదు. నేను అంచునున్న బటన్ చూపించాను. నొక్కాడు. పేజీ మారింది. కళ్లు మండుతున్నాయా అని అడగాలనుంది, అడగలేదు. ఆయనా చెప్పలేదు. రెండో పేజీ, మూడో పేజీ. అక్క చేట కింద పెట్టేసింది.

నాలుగో పేజీ దగ్గర బావ ఆగాడు. వెనక్కి పోయాడు, ముందుకొచ్చాడు. ఈసారి పైకి చదివాడు, ఒక్కో మాటా విడదీసి.

"లారీ గేటు ముందు ఆగింది. చంపింది డాక్టరే. రెండు రూపాయలు దండగ. డ్రైవరు కిందికి దిగాడు."

నాకు మెల్లగా అర్థమయింది. అద్దె పుస్తకాలు చదివినవాళ్లందరికీ ఆ వ్యవహారం తెలుసు. ముందు చదివినవాడు తర్వాత వాడి కోసం అంచుల్లో పెన్సిలుతో నాలుగు ముక్కలు రాసిపోతాడు. ఎక్కువసార్లు హంతకుడి పేరే. మనం కళ్లు పక్కకు తిప్పుకుని కథ చదువుకునేవాళ్లం. ఖాసిం కళ్లు తిప్పలేదు. కాగితం మీద ఏముంటే అది కొట్టాడు, కథ ఉన్న సైజులోనే, కథ మధ్యలోనే.

బావ రీడరును బల్ల మీద పెట్టాడు. విసిరికొట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. గుడ్డు పెట్టినట్టు మెల్లగా పెట్టాడు. "ఖతం. రెండేండ్లు ఆగి ఆగి... గిదా తెలుసుకున్నది" అని లేచి కల్లంలోకి పోయాడు. అక్క నన్ను తిట్టలేదు. లోపలికి పోయింది. బీరువా లోపలే ఉంది.

ఖాసింకు ఫోన్ చేశాను. వాడు అంతా విని, కాగితంలో ఉంది కాబట్టి వేశానన్నాడు. అలాంటివి ఇంకా ఉన్నాయా అన్నాను. "బోలెడు. నీ బావ చదువరి కదా, అన్నీ ఉండాలని వేశా" అన్నాడు, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నట్టు. ఫోన్ పెట్టేశాను.

రీడరు నాలుగో పేజీ మీదే తెరిచి ఉంది. ఎక్కడైనా శుభ్రమైన పేజీ దొరుకుతుందేమో, అక్కడి నుంచైనా చదవమందామని బటన్ నొక్కుతూ పోయాను. కొన్ని పేజీల తర్వాత అలాంటి రాతే ఇంకొకటి కనబడింది. ఏం తోచక పైకే చదివాను.

"డాక్టర్ కాదు, కాంపౌండర్. మంచి డాక్టర్ని అనవసరంగా అనకండి."

కల్లంలో పారతో వడ్లు తిరగేస్తున్న చప్పుడు ఆగింది.

"ఏందీ?"

"కాంపౌండర్ అంట బావా."

"ఎవడన్నడు?"

"పేరు రాయలే. అక్షరాలు మంచివాడివే ఉన్నయి." అది నేను కల్పించింది. ఖాసిం టైపులో అందరి అక్షరాలూ ఒకటే.

ఇంకొన్ని పేజీలు నొక్కి, కల్లానికి వినబడేలా చదివాను. "పై ఇద్దరూ చివరిదాకా చదివినట్టు లేరు." దాని కింద వెంటనే ఇంకొకరు, "అయితే నువ్వు చెప్పు."

బావ వరండా మెట్లు ఎక్కుతున్నాడు. కాళ్లకు వడ్లు అంటుకుని ఉన్నాయి. చెయ్యి చాపాడు. "ఇటు తే. నువ్వు సదవకు, అంతా ఆగం జేస్తున్నవ్."

ఈసారి స్తంభానికి ఆనుకుని, బస్తా మీద కాళ్లు చాపుకుని, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. కాసేపటికి కరెంటు పోయింది. మిల్లు హోరు ఒక్కసారిగా ఆగిపోయి, పిచ్చుకల అరుపులు వినబడ్డాయి. మామూలుగా ఆ సమయంలో బావ కరెంటోళ్ల ఏడు తరాలను తలుచుకుంటాడు. ఈసారి తల ఎత్తలేదు. ఆ యంత్రానికి కరెంటు పోయిన సంగతి తెలియదు. చేతిలో పట్టుకున్న మనిషికీ తెలియలేదు.

మధ్యమధ్య తనలో తనే వాదన పెట్టుకుంటున్నాడు. డాక్టరన్నవాడు ఉత్త తొందర మనిషి. కాంపౌండరు మీద అనుమానం ఉండేదే గాని విషం సీసా తాళం ఎవరి దగ్గరుంది? మూడోవాడు గడుసోడు, వాడికి తెలుసు, చెప్పడు. కోదాడలో ఏనాడో రెండు రూపాయలిచ్చి చదివిన ముక్కూమొహం తెలియని నలుగురు ఆ వరండాలో బావ చుట్టూ కూర్చున్నట్టే ఉంది. అక్క వచ్చి, అయితే డాక్టరేనా అనడిగింది. బావ చెయ్యి అడ్డం పెట్టాడు. "చెప్పకు. ఎవరూ చెప్పొద్దు." ప్రతిసారీ వేలు నాలుకకు అద్దుకునే బటన్ నొక్కుతున్నాడు. తడి వేలితో నొక్కితేనే పేజీ తిరుగుతుందని ఆయన నమ్మకం. నేను కాదనలేదు.

ఐదున్నరకు నాకు బస్సు. లేచి నిలబడ్డాను. బావ పేజీ మీదనుంచి కళ్లు తీయకుండా, "నీది నువ్ తీస్కపో బామ్మర్ది, మల్ల నీకు అక్కరుంటది" అన్నాడు. నేను మర్యాదకు చెయ్యి చాపాను. ఆయన రెండు చేతులతోనూ పట్టుకుని ఉన్నాడు, వదల్లేదు. ఇంకోసారి తీస్కపో అన్నాడు, ఇంకో పేజీ తిప్పాడు. చాపిన చెయ్యితో అక్కకు ఛార్జరు ఇచ్చి బయల్దేరాను. ఆటో దాకా వచ్చిన అక్క ఏదో అనబోయి, చింతకాయ తొక్కు డబ్బా నా సంచిలో కుక్కి వెనక్కి పోయింది.

సూర్యాపేట బస్సులో కిటికీ సీటు దొరికింది. చేతిలో ఏమీ లేదు. కొన్ని నెలల తర్వాత మొదటిసారి బస్సులో చదవడానికి ఏమీ లేకుండా కూర్చున్నాను. ఎరువుల కొట్ల గోడల మీద రాతలు చదివాను, బోరు మోటార్ల ప్రకటనలు చదివాను, ముందు సీటు వెనక గోరుతో చెక్కిన రెండు పేర్లూ వాటి మధ్య బాణమూ చదివాను. అన్నీ చిన్న అక్షరాలే, అన్నీ కనబడ్డాయి. నాకున్న ఈ సౌకర్యాన్ని అంతకుముందు ఎప్పుడూ లెక్కలో వేసుకోలేదు. ఈ దారిన పోయేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. బస్సులు సమయానికి వస్తాయి, కోదాడ కారం నిజం, రీడరు తీసుకుపోతే మాత్రం తిరిగి తెచ్చుకుంటామన్న భరోసా పెట్టుకోవద్దు.

పొద్దు గుంకాక, బస్సులో లైట్లు వేసిన తర్వాత అక్క ఫోన్ చేసింది. కళ్లు మండాయేమో అనుకున్నాను. బీరువా అనుకున్నాను.

"ఏం తెచ్చినవ్ రా తమ్మీ ఇంటికి" అని మొదలుపెట్టింది. దీపం పెట్టే యాళ్లకు లోపలికి రమ్మంటే రాలేదట, బల్బు కిందికి కుర్చీ ఈడ్చుకున్నాడట. గోలీ వేసుకొమ్మంటే వినలేదట. అన్నం పెట్టి మూడుసార్లు పిలిచిందట. "పిలిస్తే ఇంకొక్క పేజీ అంటడు. మల్ల పిలిస్తే మల్ల ఇంకొక్క పేజీ. నేను మనిషినా, గోడనా? రెండేండ్లు సుఖంగ ఉన్న, మల్ల మొదలైంది నా ఖర్మ."

ఆమె ఆపకుండా తిడుతూనే ఉంది. బావను, నన్ను, కోదాడను, చివరికి ఆ చచ్చిపోయిన మిల్లు ఓనర్ని కూడా. రెండేళ్లుగా అక్క అంత సంతోషంగా తిట్టడం నేను వినలేదు. ఫోన్ పెట్టెయ్యాలని ఆమెకూ లేదు, నాకూ లేదు.

"కూర సల్లారిపాయె. ఏం జెయ్యాలె జెప్పు?" అంది చివరికి.

"మూత పెట్టక్కా" అన్నాను.